ధర్మాసుపత్రిలో రుసుము: ఎక్కడ మొదలైంది, ఎంతవరకు వచ్చింది

ఉచితంగా వైద్యం చేస్తే జనానికి విలువ తెలియదు, నామమాత్రంగానైనా ఎంతో కొంత వసూలు చేయాలి అనే మాట శ్రీకాకుళంలో చదువుకున్నవాళ్ల నోటా వినిపిస్తుంటుంది. ఈ మాట ఇక్కడ పుట్టింది కాదు.

డబ్బు కట్టలేక ఎవరూ వైద్యానికి దూరం కాకూడదని 1946లోనే, దేశ వైద్య వ్యవస్థపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ చెప్పింది. మలుపు 1987లో వచ్చింది. అభివృద్ధి చెందుతున్న దేశాలు ఆరోగ్య సేవలకు డబ్బు ఎలా సమకూర్చుకోవాలో చెబుతూ ప్రపంచ బ్యాంకు ఆ ఏడాది ఓ పత్రం తెచ్చింది. రోగుల దగ్గర రుసుము తీసుకోవాలన్నది అందులో మొదటి సూచన. ఆఫ్రికా దేశాలు చాలావరకు ఆ దారి పట్టాయి. 90ల్లో ఆ గాలి మన దేశానికీ తగిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైద్య విధాన పరిషత్ కింద ఉన్న ఆసుపత్రులను ప్రపంచ బ్యాంకు అప్పుతో బాగుచేశారు. భవనాలు, పరికరాలు వచ్చాయి, అది మేలే. యూజర్ చార్జీల (రోగుల దగ్గర తీసుకునే రుసుముల) చర్చ కూడా వాటి వెంటే వచ్చింది. కట్టగలిగినవాళ్ల దగ్గర కొన్ని సేవలకు తీసుకోవచ్చని 2002 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది.

పేదలకు మినహాయింపు ఉంటుంది కదా అంటారు. అసలు చిక్కు అక్కడే. మందస కొండల నుంచి వచ్చిన సవర గిరిజన మహిళ రేషన్ కార్డు ఇంట్లో మర్చిపోతే, ఆమె పేదరాలో కాదో తేల్చేది కౌంటర్‌లో కూర్చున్న గుమస్తా. పైగా రుసుము మొదటి ఖర్చు కాదు. ఆ రోజు కూలి, తోడొచ్చినవాళ్ల కూలి, ఆటో, బస్సు అన్నీ అయ్యాక చివర్లో వచ్చి పడేది అది.

పోనీ డబ్బయినా వచ్చిందా అంటే, ఆఫ్రికాలో సగటున ఆరోగ్య శాఖల నిర్వహణ ఖర్చులో 5 శాతం దగ్గరే ఆగింది. రోగులు మాత్రం తగ్గిపోయారు. ఉగాండా 2001లో రుసుము ఎత్తేయగానే ఆసుపత్రులకు జనం మళ్లీ వచ్చారు. 2013లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు జిమ్ యాంగ్ కిమ్ స్వయంగా జెనీవాలో, ఇలాంటి వసూళ్లు అన్యాయం, అనవసరం కూడా అన్నారు. సలహా ఇచ్చిన సంస్థ ఆ మాట అనడానికి 26 ఏళ్లు పట్టింది.

ఈలోగా మన దగ్గర దారి మారింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు, పసిపిల్లలకు కాన్పు, మందులు, పరీక్షలు ఉచితం. అప్పు చేయకుండా ఆపరేషన్ చేయించుకున్న కుటుంబాలకు ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. కానీ ఆరోగ్యశ్రీ ప్రధానంగా మంచమెక్కాక అందే సాయం. ఓపీలో చూపించుకుని, బయట మందులు కొనుక్కునే ఖర్చు చాలావరకు ఇంటిమీదే మిగిలింది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన జిల్లా ఉద్దానంలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. జీడితోటలో పని చేసుకుంటున్న మనిషి ఒంట్లో బాగానే ఉన్నప్పుడే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షకు రావాలి. బాగున్నవాడు కూలి మానుకుని రావడమే గొప్ప, పైన రుసుము కూడా అంటే వచ్చే నెల చూద్దాంలే అనుకుంటాడు. కాళ్లు వాచి, ఆయాసం మొదలయ్యాక వస్తే మిగిలేది చాలాసార్లు డయాలసిస్సే. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఆ ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకోవాలి, అదీ ఏళ్ల తరబడి.