గ్రౌండు కార్పొరేషన్‌ది, తాళంచెవి ఎవరిది?

2024 అక్టోబరు చివర్లో చెన్నై కార్పొరేషన్ కౌన్సిల్లో ఒక తీర్మానం పాసయింది. కృత్రిమ గడ్డి పరిచిన తొమ్మిది ఫుట్‌బాల్ గ్రౌండ్ల నిర్వహణను ప్రైవేటువాళ్లకు అప్పగించాలి, ఆడేవాళ్ల దగ్గర తలకు గంటకు 120 రూపాయలు తీసుకోవచ్చు అన్నది దాని సారం. వెంటనే గొడవ లేచింది, కార్పొరేషన్ వెనక్కి తగ్గింది, ఆట ఉచితమేనని ప్రకటించింది. పత్రికల్లో కథ అక్కడితో సరి.

లెక్క మాత్రం ఒకసారి వేసి చూడాలి. ఏడుగురేసి రెండు జట్లు ఒక గంట ఆడితే 1,680 రూపాయలు. రోజుకో గంట చొప్పున నెలకు 26 రోజులు వచ్చే ఒక్క కుర్రాడికి 3,120. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే వ్యాసర్పాడి, పుళియాంతోపు సందుల్లో అన్నదమ్ములిద్దరూ ఆడే ఇళ్లు చాలా ఉంటాయి. ఆ ఇంటికి 6,240. గొడవ ఎందుకు లేచిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆ తీర్మానం వెనకున్న చిక్కు నిజమైనదే. మట్టి గ్రౌండును ఎవరూ పట్టించుకోకపోయినా అది గ్రౌండుగానే ఉంటుంది. మహా అయితే వర్షాకాలంలో బురద, వేసవిలో దుమ్ము. కృత్రిమ గడ్డి అలా కాదు. ఫుట్‌బాల్‌కు వేసే గడ్డి పోగు దాదాపు 50 మిల్లీమీటర్ల పొడవుంటుంది. పోగులు నిటారుగా నిలబడటానికి మధ్యలో అడుగున ఇసుక, పైన రబ్బరు గుళ్లు నింపుతారు. గోల్ ముందు, పెనాల్టీ కొట్టే చోట ఆ గుళ్లు కాళ్ల తాకిడికి పక్కలకు చెదిరిపోతాయి. వారానికి ఒకసారైనా బ్రష్ లాగి వాటిని సర్దకపోతే పోగులు పడుకుంటాయి. పడుకున్న పోగు మళ్లీ లేవదు, అక్కడ నేల గట్టిపడి మోకాళ్లు గీసుకుపోతాయి. రోల్‌కీ రోల్‌కీ మధ్య అతుకు ఒక్క అంగుళం లేచినా స్టడ్ అందులో తగులుకుంటుంది, చీలమండ బెణుకుతుంది. అడుగున వాలు సరిగా లేకపోతే ఐప్పశి (అక్టోబరు-నవంబరు) వానలకు నీళ్లు నిలిచి అతుకుల జిగురే ఊడిపోతుంది. మధ్యాహ్నం ఎండకు ఆ రబ్బరు ఎంత వేడెక్కుతుందో ఉత్తర చెన్నైలో చెప్పుల్లేకుండా ఆడే పిల్లల అరికాళ్లకు తెలుసు. పైగా రాత్రి లైట్లకు కరెంటు బిల్లు. మట్టి తీసేసి గడ్డి పరిచిన రోజునే ఈ ఖర్చు ఎవరు పెట్టాలో తేల్చుకోవాల్సింది. గడ్డికి టెండరు వచ్చినంత త్వరగా బ్రష్‌కు రాదు.

స్థలం ఒకరిది, సంరక్షణ ఇంకొకరిది అన్న ఈ తిరకాసు చెన్నపట్నానికి కొత్త కాదు. 1859–60లో గవర్నరుగా ఉన్న చార్లెస్ ట్రెవీలియన్ ఇప్పటి సెంట్రల్ స్టేషను పక్కన 116 ఎకరాల్లో పీపుల్స్ పార్కు తలపెట్టాడు. పదకొండు కొలనులు, అయిదున్నర మైళ్ల బాటలు, బ్యాండ్ స్టాండు, స్నానాల కొలను, టెన్నిస్ కోర్టులు. 1855లో మ్యూజియం దగ్గర మొదలైన జంతుశాల కూడా తరవాత ఇక్కడికే చేరింది. ఏటా పార్కు ఫెయిర్ పేరుతో తిరునాళ్లు జరిగేవి. 1886 డిసెంబరు 31న ఆ తిరునాళ్లలోనే మంటలు లేచి వందల మంది చనిపోయారు.

ఆ 116 ఎకరాలు ఏమయ్యాయని వెతికితే దొంగ ఒక్కడూ దొరకడు. ప్రతి ముక్కా ప్రజల పనికే పోయింది. టౌన్‌హాలుకు కొంత, 1900లో తెరిచిన మూర్ మార్కెట్‌కు కొంత, 1913లో పూర్తయిన రిప్పన్ బిల్డింగుకు కొంత, స్టేడియానికి కొంత. 1985లో జంతుశాల వండలూరు వెళ్లింది. అదే ఏడు మూర్ మార్కెట్ కాలిపోయింది, ఆ చోటులో రైల్వేవాళ్ల భవనం లేచింది. చివరికి పార్కు అనదగ్గది మై లేడీస్ గార్డెన్ ఒక్కటే మిగిలింది. ఖాళీ జాగా కనిపిస్తే ఆఫీసుకు చేతులు దురద పెడతాయి. పేరుకు అది 'ఖాళీ' కాబట్టి అడ్డుపడేవాడూ ఉండడు.

ఆ టౌన్‌హాలు సంగతి తెలుగువాళ్లు తెలుసుకోదగ్గది. పీపుల్స్ పార్కులో 57 గ్రౌండ్లు (ఇక్కడ గ్రౌండంటే ఆటస్థలం కాదు, 2,400 చదరపు అడుగుల భూమి కొలత), అంటే 3.14 ఎకరాలు, 99 ఏళ్ల లీజు, గ్రౌండుకు ఏటా ఎనిమిది అణాలు. 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు. 1888లో విక్టోరియా పబ్లిక్ హాలుగా తెరిచారు. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదిని సభ పట్నం వచ్చి తెలుగు నాటకాలాడింది. అవి చూసిన పమ్మల్ సంబంద ముదలియార్ మిత్రులను కూడగట్టి అదే ఏడు జూలై 1న సుగుణవిలాస సభ పెట్టాడు. అలా తెలుగు నాటకం తమిళ సభకు పురుడు పోసింది.

వకీళ్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు చందా కట్టి చేరి, పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ముఖానికి రంగు పూసుకున్న పద్ధతి అది. చందా కట్టినవాడికి తాళంచెవి మీద హక్కు ఉండేది, దీపానికి నూనె లేకపోతే అడిగే నోరూ ఉండేది. చందా కట్టలేనివాడు గోడ బయటే. సభలు, క్లబ్బులు నిలబడింది దీనివల్లే, విమర్శ మూటగట్టుకుంది కూడా దీనివల్లే.

మూడో దారి చూపింది వై.ఎం.సి.ఎ. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ శిక్షణ పాఠశాల మొదలుపెట్టాడు. తరవాత నందనంలో పెద్ద ఆవరణకు మారి కాలేజీ అయింది అదే. మైదానానికి కంచె, గోల్‌పోస్టు ఎంత ముఖ్యమో, సాయంత్రం ఈల మెళ్లో వేసుకుని నిలబడే మనిషి అంతకన్నా ముఖ్యమన్న నమ్మకం మీద కట్టిన సంస్థ ఇది. స్కూళ్లలో మనం పీఈటీ మాస్టారనే మనిషికి వంశవృక్షం గీస్తే ఒక వేరు ఇక్కడికి వస్తుంది. కార్పొరేషన్ గ్రౌండ్లకు గేటుంది, వాచ్‌మన్ ఉన్నాడు. ఈల ఉన్న మనిషే చాలాచోట్ల లేడు.

పిల్లల విషయంలో మనవాళ్లు ఆ మనిషి విలువ బాగా పట్టుకున్నారు. 1937లో దుర్గాబాయి మైలాపూరు వైపు 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' పేరుతో ఆడపిల్లల బృందం నడిపేది. పాటలు, ఆటలతో మొదలైన ఆ పిల్లల క్లబ్బు చుట్టూ తల్లులు చేరారు, చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు మెట్రిక్ తరగతులు వచ్చాయి, అదే ఆంధ్ర మహిళా సభ అయింది. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలయ్యాక న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలయ్యారు. 1940లో బాలానంద సంఘం పుట్టింది. స్టూడియోలో పిల్లలు పాడి, మాట్లాడి, కథలు చెప్పేవాళ్లు. ఊళ్లలో పిల్లలు విని తామూ సంఘాలు పెట్టుకునేవాళ్లు. ఈ రెండింటిలో దేనికీ మొదట సొంత గ్రౌండు లేదు. ఉన్నదల్లా పిల్లల పేర్లు తెలిసిన మనిషి, తప్పకుండా జరిగే వేళ.

అదే కాలంలో పట్నం దక్షిణంగా పెరిగింది. 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం కింద త్యాగరాయనగర్ వేసినప్పుడు వీధుల మధ్య పార్కుకు చోటు వదిలారు. పానగల్ పార్కు పేరు మన పానగల్ రాజా రామరాయణింగార్‌దే. ఇటీవల మెట్రో పనులకు ఆ పార్కులోనూ తవ్వకాలు జరిగాయి. పీపుల్స్ పార్కు కథే, కాకపోతే ఈసారి భూమి కింద.

ఉత్తరాన పార్కులు తక్కువ, మనుషులు ఎక్కువ. అక్కడ ఆట గదిలోకి, వీధి అరుగు మీదికి వచ్చింది. మన్రం అంటే ఒక రేకుల షెడ్డు, గోడకు నాయకుడి ఫొటో, దినపత్రిక, మధ్యలో క్యారమ్ బోర్డు. ఇంత తక్కువ చోటులో ఇంత ఎక్కువ మందిని కూర్చోబెట్టే ఆట మరొకటి లేదు. బోర్డు ఆడే భాగం 74 సెంటీమీటర్ల చదరం, నలుగురికి పదడుగుల గది చాలు. బోర్డు మీద నేరుగా పడేలా ఒక బల్బు, చిటికెడు బోరిక్ పౌడరు. సముద్రగాలి ఊరిలో మన్రం బోర్డుకు మొదటి శత్రువు తేమ. పల్చటి ప్లైవుడ్ కొంటే ఒక్క వర్షాకాలానికే మధ్యలో గుంట పడుతుంది, నిదానంగా వేసిన కాయ తనంతట తనే పక్కకు తిరుగుతుంది. కనీసం 8 మిల్లీమీటర్ల మందం కావాలి. ఆడనప్పుడు గోడకు ఏటవాలుగా ఆనించకూడదు, పరచి ఉంచి బట్ట కప్పాలి. ఇంతే సరంజామాతో ఈ ఊరి నుంచి మరియా ఇరుదయం రెండుసార్లు ప్రపంచ చాంపియనయ్యాడు, 1996కు అర్జున అవార్డు అందుకున్నాడు. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన కాసిమా ఉత్తర చెన్నైలో ఆటో నడిపే తండ్రి కూతురు.

మరో వైపు 'రిక్రియేషన్ క్లబ్' అన్న మాటకే మచ్చ పడింది. తెలుగువాళ్లకు ఆ మాట వినగానే పేకాట గుర్తొస్తుంది. దానికి మన దగ్గరే చరిత్ర ఉంది: సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసిన కేసులోనే 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తేల్చింది. తమిళనాడులో 'మనమగిళ్ మన్రం' అన్నా అంతే, క్లబ్బు పేర మద్యం లైసెన్సు తెచ్చుకున్న బారు అనే అర్థం స్థిరపడిపోయింది. దీనివల్ల నష్టపోయింది అసలైన క్లబ్బులు. కాలనీ సంఘం నిజంగా పిల్లల కోసం గది అడిగినా 'రిక్రియేషన్' అన్న మాట చూసి పక్కింటివాళ్లే అర్జీ పెడతారు. దరఖాస్తులో ఆ మాట వాడకుండా 'గ్రంథాలయం, క్రీడాగది' అని రాసుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

ఇక చట్టం. పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాల రక్షణకు మద్రాసు రాష్ట్రం 1959లోనే చట్టం చేసింది. స్థానిక సంస్థ జాబితా తయారు చేయాలి, జాబితాలోని స్థలాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా ఇంకో పనికి వాడకూడదు. కర్ణాటకకు ఇలాంటి చట్టం 1985లో వచ్చింది. అక్కడ రాజమహల్ విలాస్ లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలం ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చేస్తే కాలనీవాసులే కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పొరుగువాళ్లకు దావా వేసే హక్కు ఉందని కూడా ఆ తీర్పు గట్టిగా చెప్పింది.

చెన్నైలో ఇవాళ కొత్త ఆటస్థలం పుట్టే ప్రధాన మార్గం ఓఎస్ఆర్, అంటే ఓపెన్ స్పేస్ రిజర్వేషన్. స్థలం 3,000 చదరపు మీటర్లు, అంటే సుమారు పదమూడున్నర గ్రౌండ్లు దాటితే, రోడ్లు పోను మిగిలినదాంట్లో పది శాతం సామూహిక వినోదానికి వదలాలి. 10,000 చదరపు మీటర్ల, అంటే దాదాపు 45 గ్రౌండ్ల లోపైతే వీలుకానప్పుడు ఆ విలువ డబ్బుగా కట్టే వెసులుబాటుంది. అది దాటితే డబ్బుతో తప్పించుకోవడం కుదరదు, స్థలమే గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఇలా ఉచితంగా రాయించుకోవడం అన్యాయమన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2023 ఫిబ్రవరిలో కోర్టు నిబంధననే సమర్థించింది.

అయిదెకరాల ప్రాజెక్టు అనుకుందాం. మొత్తం 20,234 చదరపు మీటర్లు. రోడ్లకు 2,234 పోతే 18,000 మిగులుతుంది, అందులో పదో వంతు 1,800. బాడ్మింటన్ కోర్టు 13.40 మీటర్ల పొడవు, 6.10 వెడల్పు, చుట్టూ కదలడానికి రెండేసి మీటర్లు వదిలితే దాదాపు 175 చదరపు మీటర్లు. అలాంటివి రెండు, ఒక బాస్కెట్‌బాల్ కోర్టు, పెద్దవాళ్లు నడిచే బాట, ఇసుక పోసిన ఉయ్యాలల మూల అన్నీ 1,800లో పడతాయి. కాగితం మీద. నేల మీద చూస్తే ఆ 1,800 ఒకే ముక్కగా కాక, ప్రహరీ వెంట సన్నటి పట్టీగా దొరుకుతుంది. లేదా ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ వెనక మూల. గేటు వీధిలోకి కాక అపార్ట్‌మెంటు లోపలికి తెరుచుకుంటుంది, అది ఊరిదన్న సంగతి కాపలావాడికీ తెలియదు. 'ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది' అన్న సామెత ఇలాంటి చోట్లకే తగులుతుంది.

సరిచూసుకోవాలంటే కాగితాలు మూడు. ఆమోదం పొందిన ప్లాను నకలులో ఓఎస్ఆర్ గళ్లు ఎక్కడున్నాయో, కొలత ఎంతో చూడాలి. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తే గిఫ్ట్ డీడ్ నంబరు, తేదీ వస్తాయి. ప్లానులో కొలత, డీడ్‌లో కొలత ఒకటేనా అన్నది అక్కడే తేలుతుంది. మూడోది పట్టా. అసలు పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే: డీడ్ రిజిస్టరయ్యాక పట్టాలో పేరు మార్చమని అర్జీ పెట్టేవాళ్లు ఉండరు. పట్టా పాత యజమాని పేరునే ఉంటే ఆ నేల మీద కంచెకు, లైటుకు ఎస్టిమేటు వేయడానికి ఇంజనీరు జంకుతాడు. ఎస్టిమేటు లేకపోతే లైటు స్తంభం రాదు. స్తంభం లేని చోట సాయంత్రం ఆరున్నరకల్లా చీకటి, చీకటి పడగానే వాచ్‌మన్ గేటుకు తాళం వేస్తాడు. బడి నుంచి పిల్లలు ఇల్లు చేరి, బట్టలు మార్చుకుని బయటికొచ్చేది సరిగ్గా ఆ వేళకే.