అడుగు లేని టీపాట్

1970ల మధ్యలో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మార్టిన్ న్యూవెల్‌కి ఒక మామూలు సమస్య ఎదురైంది. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు గీసే పద్ధతులు చేతిలో ఉన్నాయి, గీయడానికి తగిన వస్తువే దొరకడం లేదు. టీ తాగే వేళకి ఆ మాట వస్తే, ఈ టీ సెట్టే గీయొచ్చుగా అన్నారు ఆయన భార్య. న్యూవెల్ ఎదురుగా ఉన్న టీపాట్‌ని చూస్తూ గ్రాఫ్ కాగితం మీద బొమ్మ వేసుకుని, ఆ అంకెల్ని కంప్యూటర్‌కి ఎక్కించారు. ఆ టీపాట్ ఇప్పుడు కాలిఫోర్నియాలో కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

టీపాట్ ఎంపిక కాకతాళీయమే కానీ భలే కుదిరింది. దాని పొట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది, కొమ్ము దగ్గర లోపలికి వంగుతుంది, పిడి మధ్యలో ఖాళీ ఉంటుంది. కొమ్ము నీడ దాని ఒంటి మీదే పడుతుంది. బొమ్మలు గీసే కొత్త పద్ధతిని దీని మీద పరీక్షిస్తే, అందులో లోపం ఉంటే వీటిలో ఎక్కడో ఒకచోట బయటపడి తీరుతుంది. పైగా అందరూ ఒకే వస్తువును గీస్తే ఎవరి పద్ధతి మెరుగో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. బొమ్మ నిజం వస్తువులా కనిపిస్తోందా లేదా అనేది చివరికి కళ్లే తేల్చాల్సిన రంగంలో ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

వంపుల్ని కంప్యూటర్‌కి చెప్పడానికి వాడినవి బెజియర్ వక్రాలు. రెనో కార్ల కంపెనీలో ఇంజినీరుగా పనిచేసిన పియర్ బెజియర్ పేరు వాటికి వచ్చింది. కొన్ని బిందువులు ఇస్తే చాలు, అవి అయస్కాంతాల్లా గీతను తమవైపు లాగి వంచుతాయి. టీపాట్ మొత్తం అలాంటి వక్రాలతో అల్లిన 28 అతుకులతో, అంటే వంపు తిరిగిన ముక్కలతో, తయారైంది. తమాషా ఏమిటంటే, దానికి అడుగు లేదు! తర్వాత ఇంకో 4 అతుకులు వేసి ఆ లోటు పూడ్చారు.

ఆకారం వచ్చినంత మాత్రాన బొమ్మకి ప్రాణం రాదు, వెలుగు కూడా కావాలి. తెర మీద గీసేటప్పుడు ఉపరితలాన్ని చిన్న పలకలుగా విడగొడతారు. ఒక్కో పలకకి ఒక్కో రంగు వేస్తే బొమ్మ చెక్కిన రాయిలా గరుకుగా కనిపిస్తుంది. అదే యూటాలో ఆన్రీ గురో 1971లో దీనికో ఉపాయం చెప్పారు. పలక మూలల్లో మాత్రమే వెలుగు లెక్కగట్టి, మధ్యలో రంగుని మెల్లగా మార్చుకుంటూ పోవాలి. దానితో అంచులు మాయమయ్యాయి. కానీ నిగనిగలాడే మెరుపు చుక్క ఏ మూలలోనూ పడకుండా పలక మధ్యలో పడితే ఈ లెక్కకి చిక్కదు. వియత్నాంలో పుట్టిన బుయ్ తువాంగ్ ఫోంగ్ రంగుకి బదులు ఉపరితలం తిరిగి ఉన్న దిక్కుని మెల్లగా మార్చి, తెర మీది ప్రతి చుక్క (పిక్సెల్) దగ్గరా వెలుగు లెక్కగట్టారు. మెరుపు తిరిగొచ్చింది. ఆయన 1975లోనే, చిన్న వయసులో చనిపోయారు.

చేత్తో గీసే కాలం పోయి స్కానర్లు వచ్చాక టీపాట్‌కి తోడు దొరికింది. 1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ టర్క్, మార్క్ లెవోయ్ ఒక మట్టి కుందేలు బొమ్మను లేజర్‌తో స్కాన్ చేశారు. వేర్వేరు వైపుల నుంచి తీసిన స్కాన్లను అతికిస్తే 69,451 త్రిభుజాల కుందేలు వచ్చింది. దాని అడుగున కూడా రంధ్రాలున్నాయి.

పాలు, పాలరాయి, మనిషి చర్మం మాత్రం చాలాకాలం మొండికేశాయి. వాటి మీద పడ్డ వెలుగు అక్కడే తిరిగి వెళ్లిపోదు. లోపలికి దూరి, అటూ ఇటూ చెదిరి ఇంకోచోట బయటికొస్తుంది. దాన్ని వదిలేస్తే ముఖం ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. 2001లో హెన్రిక్ వాన్ జెన్సెన్ బృందం దీనికి ఆచరణలో పెట్టగల లెక్కను చూపించింది.

ఇక 2020లో వచ్చిన నెర్ఫ్ అనే పద్ధతికి గ్రాఫ్ కాగితమూ లేదు, త్రిభుజాలూ లేవు. ఒక దృశ్యాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఇస్తే, ప్రతి చోట ఎంత దట్టంగా ఉందో, ఏ దిక్కు నుంచి చూస్తే ఏ రంగో ఒక న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్) నేర్చుకుంటుంది. తీయని కోణం నుంచి కూడా బొమ్మ చూపిస్తుంది. టీపాట్‌ని బల్ల మీద పెట్టి చుట్టూ ఫొటోలు తీసి దీనికిచ్చినా, కెమెరాకి కనిపించని ఒక భాగం మాత్రం మళ్లీ తెలియకుండానే మిగిలిపోతుంది. అది అడుగు.