పాస్‌వర్డ్ మార్చినా ఆగని కెమెరా

రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా దృశ్యాలు 2025 ఫిబ్రవరిలో యూట్యూబ్, టెలిగ్రామ్‌లకు ఎక్కాయి. అక్కడి పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’ అని వార్తలొచ్చాక, తప్పంతా పాస్‌వర్డ్ మార్చనివాళ్లదే అన్న మాట మళ్లీ బలపడింది. ఇళ్లలో కెమెరాలు పెట్టుకున్నవాళ్లకూ అదే చెబుతున్నారు. అందులో నిజం సగమే.

2016 అక్టోబర్ 21న మిరాయ్ అనే వైరస్ ఇంటర్నెట్‌కు కలిపిన కెమెరాల్లాంటి పరికరాలను ఆక్రమించి, వాటి చేతే పెద్ద పెద్ద సైట్లను స్తంభింపజేసింది. దానికి చిక్కిన డీవీఆర్‌లలో (కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టెలు) చాలావాటి లోపల చైనా కంపెనీ షియోంగ్‌మాయ్ బోర్డులున్నాయి. కొన్నవాళ్లు పాస్‌వర్డ్ మార్చలేదని, 2015 సెప్టెంబర్ తర్వాతి సాఫ్ట్‌వేర్‌లో ఆ లోపం లేదని కంపెనీ వాదించింది. సైబర్ భద్రతా సంస్థ ఫ్లాష్‌పాయింట్ పరిశోధకులు చూపింది వేరు. ఇంటివాళ్లు మార్చగలిగేది బ్రౌజర్‌లో అడిగే పాస్‌వర్డ్‌నే. దూరం నుంచి పరికరంలోకి ఆదేశాలు పంపే టెల్నెట్ దారికి, సర్వాధికారాలున్న ‘రూట్’ ఖాతా పాస్‌వర్డ్‌ను ఫర్మ్‌వేర్‌లోనే (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) పాతిపెట్టారు. దాన్ని మార్చే మెనూయే లేదు.

అసలు మలుపు 2018 అక్టోబర్‌లో వచ్చింది. రౌటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారం) తెరవక్కర్లేకుండా, కంపెనీ సర్వర్ ద్వారా ఫోన్‌ను కెమెరాతో కలిపే పీటూపీ పద్ధతి అప్పటికే పాకిపోయింది. షియోంగ్‌మాయ్ పీటూపీని ఎస్ఈసీ కన్సల్ట్ అనే సైబర్ భద్రతా సంస్థ విప్పి చూసింది. డివైస్ ఐడీని మ్యాక్ అడ్రస్ (పరికరం నెట్‌వర్క్ భాగానికి తయారీలోనే ఇచ్చే నంబరు) నుంచి తయారుచేశారు, కాబట్టి ఊహించి పట్టుకోవచ్చు. అలా దొరికేవి సుమారు 90 లక్షల పరికరాలు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ ఖాళీ. దానికి తోడు మాన్యువల్‌లో లేని ‘డీఫాల్ట్’ అనే యూజర్ ఒకటుంది. ఆ పేరులోని ఇంగ్లిషు అక్షరాలను వెనక నుంచి రాస్తే అదే పాస్‌వర్డ్! అడ్మిన్‌కు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఈ దొడ్డిదారిన వీడియో చూడొచ్చు. ఇది కొన్నవాళ్ల నిర్లక్ష్యం ఎలా అవుతుంది?

మన దగ్గర పీటూపీ పాతుకుపోవడానికి మరో కారణం సీజీనాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీ చిరునామాను చాలా ఇళ్లకు కలిపి ఇవ్వడం. రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే పోర్టు తెరిచి బయటి నుంచి కెమెరాను చేరడం, పనిచేయదు. అందుకే కెమెరాలు బిగించేవాళ్లు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేస్తారు, చాలాసార్లు తమ ఫోన్‌లోనే. అప్పుడు యాప్ లెక్కలో ఓనర్ ఆ బిగించినతనే. ఇంటివాళ్లకు దక్కేది ‘షేర్’ మాత్రమే.

కేంద్రం 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌తో కొత్త కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరయ్యాయి. 2025 ఏప్రిల్ 9 నుంచి అమలు. ల్యాబులు చాలవని తయారీదారులు అన్నారు. గోడకు ఇప్పటికే ఉన్న కెమెరాను మాత్రం ఈ పరీక్షలు తాకవు.

దాని సంగతి ఇంటివాళ్లే చూసుకోవాలి. బిగించినతని ఖాతాలోంచి పరికరాన్ని డిలీట్ చేయించి, సొంత ఖాతాలో చేర్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాలి. పాత ఖాతా పోకుండా పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన చాలదు. ఇంట్లో మిగతావాళ్లకు లైవ్ మాత్రమే కనిపించే వేరే యూజర్ ఇవ్వాలి. పరికరాలు తమంతట తామే రౌటర్‌లో పోర్టులు తెరుచుకునే యూపీఎన్‌పీని ఆపి, రౌటర్‌లో 80, 554, 8000, 34567, 37777 పోర్టులు తెరిచి ఉంటే తీసేయాలి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయిన డీవీఆర్‌కు పీటూపీనే ఆపేయడం మేలు. బయటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కు రహస్య దారి) ఉంది. దానికి యూడీపీ 51820 ఒక్క పోర్టు చాలు. సీజీనాట్ ఉంటే, పోర్టు తెరవక్కర్లేని టెయిల్‌స్కేల్ వీపీఎన్ వాడాలి. అయ్యాక ఫోన్‌లో వైఫై, వీపీఎన్ రెండూ ఆపి, మొబైల్ డేటా మీద పాత యాప్ తెరవండి. ‘ఆఫ్‌లైన్’ అని రావాలి.