గొంతేరులో ఏం వదలాలో ఎవరు చెప్పాలి?

భీమవరం నుంచి నరసాపురం, మొగల్తూరు మండలాల వైపు వెళ్తే ఊళ్ల మధ్య నుంచి సముద్రం వైపు సాగే గొంతేరు కనిపిస్తుంది. కాగితాల్లో అది మురుగు కాలువ. డెల్టా రైతుకు మాత్రం ఆ మాటకు మురికి కాలువ అని అర్థం కాదు, చేలో ఎక్కువైన నీటిని లాగేసే కాలువ అని అర్థం. తుందుర్రులో కడుతున్న ఆక్వా ఫుడ్‌పార్కు, అంటే రొయ్యలను శుభ్రం చేసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీ, తన వ్యర్థాలతో ఈ డ్రెయిన్ను పాడుచేస్తుందన్న భయంతో 2016లో తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు గ్రామాలు రోడ్డెక్కాయి. పోలీసు పికెట్లు, 144 సెక్షను అందరికీ గుర్తున్నాయి. ఆ గొడవ వెనక ఉన్న పాత లెక్కలే ఎవరికీ గుర్తు లేవు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొర పుణ్యమా అని నీళ్లొచ్చాయి. వచ్చిన నీళ్లు మళ్లీ పోయే దారి మీద అంత శ్రద్ధ పెట్టలేదు. గట్టి వాన పడితే శివారు భూములు రోజుల తరబడి నీళ్లలో నానేవి. చివరికి డ్రెయిన్ల పనుల కోసం కృష్ణా, గోదావరి డెల్టా భూముల మీద సెస్సు వేస్తూ 1968లో చట్టం చేశారు. డ్రెయిన్లు బాగుచేస్తాం, డబ్బు కట్టండని రైతును అడిగిన ప్రభుత్వం, అందులోకి ఎవరు ఏం వదలవచ్చో చెప్పే హక్కు మాత్రం ఆ రైతు ఊరికి ఇవ్వలేదు. నా మటుకు నాకు ఈ కథలో అసలు ముడి ఇదే.

పంచాయతీకి ఒకప్పుడు ఆ హక్కు కొంత ఉండేది. ఊళ్లో ఫ్యాక్టరీ కట్టాలన్నా, పెద్ద యంత్రాలు బిగించాలన్నా పంచాయతీ అనుమతి కావాలన్న నియమం 1994 పంచాయతీరాజ్ చట్టంలోనూ ఉంది. ఈలోగా అధికారం మెల్లగా ఊరు దాటింది. 1974 జల కాలుష్య చట్టంతో వ్యర్థాల సంగతి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి చేరింది. 2002లో పరిశ్రమలకు అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే ఏకగవాక్ష చట్టం వచ్చింది. దరఖాస్తులన్నీ కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ ముందుకు వెళ్తాయి. గడువులోగా ఏ శాఖైనా పలకకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

రాజ్యాంగంలోనే ఒక తేడా ఉంది. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలు పంచాయతీలకు 29 అంశాలు అప్పగించవచ్చని చెప్పింది. అందులో చేపల పెంపకం, తాగునీరు, పారిశుద్ధ్యం, ఆహారశుద్ధి సహా చిన్న పరిశ్రమలు ఉన్నాయి. పర్యావరణ రక్షణ అన్న మాట మాత్రం పట్టణాలకు సంబంధించిన పన్నెండో షెడ్యూల్లో ఉంది, పల్లెల జాబితాలో లేదు. భీమవరం మున్సిపాలిటీకి చెప్పిన పని తుందుర్రు పంచాయతీకి చెప్పలేదన్నమాట.

రొయ్య 1990ల్లో వచ్చింది. వరి చేలు చెరువులయ్యాయి, పక్క చేలోకి ఉప్పు ఊరింది. తీరంలో విచ్చలవిడి రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో కేంద్రం తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం తెచ్చింది. 2009లో వనామి రకం రొయ్యకు అనుమతి రావడంతో సాగు మళ్లీ ఉప్పొంగింది. దాని వెనకే రొయ్యల శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. వాటికి ఊరి మాట అడిగే దారి ఇంకొకటి కూడా మూసుకుపోయింది: ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన పరిశ్రమలను చెప్పే 2006 కేంద్ర నోటిఫికేషన్ జాబితాలో రొయ్యల శుద్ధి లేదు. షామియానా వేసి, మైకు పెట్టి, కలెక్టరు ముందు ఊరివాళ్లు మాట్లాడే ఆ ఒక్క రోజు కూడా దక్కలేదు.

తుందుర్రు ఆక్వా ఫుడ్‌పార్కు విషయంలో ఊళ్లవాళ్లు అడిగింది ఫ్యాక్టరీని సముద్ర తీరానికి తరలించమని. కాలుష్యం ఉండదని యాజమాన్యం, ప్రభుత్వం అన్నాయి. ఆ తర్వాత వ్యర్థజలాలను సముద్రం దాకా తీసుకెళ్లే పైపులైను ప్రభుత్వ ఖర్చుతో వేస్తామన్నారు. కాలుష్యమే లేకపోతే పైపులైను ఎందుకు? ఉంటే, ఒక పరిశ్రమ వదిలే నీటికి అందరి డబ్బు ఎందుకు? ఈ రెండు ప్రశ్నలకూ నాకు తృప్తినిచ్చే జవాబు ఇంతవరకూ దొరకలేదు. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర మరో రొయ్యల శుద్ధి కర్మాగారంలో, ట్యాంకు శుభ్రం చేసే పనిలో అయిదుగురు కూలీలు విషవాయువుకు బలయ్యారు. ఊళ్లవాళ్ల భయం ఉత్తదని అంతవరకూ వాదించినవాళ్లకు ఆ అయిదు ప్రాణాలు కనిపించి ఉండాలి.

ఖర్చు సంగతి డెల్టా ఊళ్లో వేసవిలో తెలుస్తుంది. ఏప్రిల్లో సాగునీటి కాలువలకు నీళ్లు ఆపేస్తారు. అంతకుముందే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. కాలువ నీరే చెడిపోతే చెరువూ చెడుతుంది. ఇక ఇంటింటికీ ఇరవై లీటర్ల టిన్నులే గతి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. అయినా పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం సొమ్మును కరెంటు బకాయిలకు మళ్లించారని సర్పంచులు పార్టీలకు అతీతంగా గొడవ చేశారు. డబ్బు లేదన్న సాకుతో మురుగు సంగతి పట్టించుకోకుండా ఉండటానికి వీల్లేదని 1980లోనే మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు ఉండీ చేయలేని పంచాయతీ గురించి అప్పుడెవరూ ఊహించలేదేమో.

అనుమతి ఒక చోట, ఖర్చు ఒక చోట, ఊరు నోరెత్తితే ఆపే అధికారం ఇంకో చోట. 144 కింద ఉత్తర్వు తహసీల్దారు స్థాయి నుంచే రావచ్చు. దాని ఆయుష్షు రెండు నెలలు, రాష్ట్ర ప్రభుత్వం కావాలంటే మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. తుందుర్రు చుట్టుపక్కల పొలానికి వెళ్లే రైతు కూడా పికెట్ దగ్గర ఆగి ఎక్కడికో చెప్పాల్సి వచ్చింది. మహిళల మీద కూడా కేసులు పెట్టి జైలుకు పంపారు. న్యాయమైన అసమ్మతిని అణచడానికి 144ను వాడకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కశ్మీర్ ఆంక్షల కేసులో తేల్చింది. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2023 జనవరిలో తెచ్చిన ఒకటో నంబరు జీవోను అదే ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది. 2024 జులై 1 నుంచి 144 పేరు కూడా మారింది, కొత్త చట్టంలో అది 163.

ఆ మరుసటి నెల 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు జరిపారు. ముఖ్య అజెండా ఉపాధి హామీ పనులు. సభ పెట్టడం కష్టం కాదని ఆ రోజు రుజువైంది. గొంతేరు గట్టు మీది ఊళ్లు, డ్రెయిన్లోకి వచ్చే ప్రతి గొట్టం గురించి అలాంటి సభే అడుగుతున్నాయి.