గ్రీకు మట్టి కూజా కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

ఓయినోకోయి అంటే ప్రాచీన గ్రీకులు ద్రాక్షసారాయి వంచుకున్న ఒంటి పిడి కూజా. మూతి చాలావాటికి మూడు రేకులుగా విచ్చుకుని ఉంటుంది. చేతిలో ఇమిడే చిన్నవి వేలంలో తరచూ కనిపిస్తాయి. వాటి చుట్టూ అపోహలకు కొదవ లేదు.

అపోహ: ఆ నల్లని మెరుపు గాజు పూత.

వాస్తవం: కాదు. బాగా తేర్చిన మెత్తటి బంకమట్టి నీళ్లే ఆ పూత. ఆవంలో మొదట గాలి ఆడనిస్తూ 800 డిగ్రీల దాకా వేడి చేస్తారు. తర్వాత గాలి మూసి, పచ్చి కట్టెలు వేసి 900 దాటిస్తే కుండంతా నల్లబడుతుంది, పూత గట్టిపడి మూసుకుపోతుంది. మళ్లీ గాలి వదిలితే ఒళ్లు ఎర్రబడుతుంది, పూత నల్లగానే మిగులుతుంది. పూత పలచబడిన చోట, పక్క కుండ తగిలిన చోట ఎర్రటి మచ్చ పడుతుంది. అది లోపం కాదు, ఆవం గుర్తు. అసిటోన్‌ దూదికి అసలు పూత చెక్కుచెదరదు, కొత్త రంగైతే అంటుకు వస్తుంది. అమ్మేవాళ్లను అడగకుండా మాత్రం రుద్దకండి.

అపోహ: చిన్నదైతే ఏథెన్స్ పిల్లల పండుగ కూజాయే.

వాస్తవం: ఆంథెస్టేరియా పండుగకు ముడిపడిన బుల్లి కూజాలు ఉన్నమాట నిజమే. కానీ దక్షిణ ఇటలీలోని అపూలియావి కూడా ఆ పేరుతోనే అమ్ముడవుతుంటాయి. అడుగు తిప్పి, పూత లేని చోట మట్టి చూడండి: ఏథెన్స్‌ది నారింజ ఎరుపు, అపూలియాది లేత రంగు.

అపోహ: థర్మోల్యూమినిసెన్స్ (మట్టి కాలిన కాలాన్ని లెక్కగట్టే పరీక్ష) రిపోర్టు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

వాస్తవం: అది చెప్పేది డ్రిల్ చేసిన చోటి మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందన్నది మాత్రమే, అదీ అటూఇటూ 20-25 శాతం తేడాతో. పాత అడుగుకు కొత్త ఒళ్లు అతికినా, పాత నల్ల కూజా మీద నిన్న బొమ్మ గీసినా రిపోర్టు బాగానే వస్తుంది. రెండు మూడు చోట్ల నమూనా తీయించండి. ఎక్స్‌రే ముందే తీస్తే లెక్క తప్పుతుంది. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి కింద అతుకులు చాలావరకు వేరే రంగులో వెలుగుతాయి. పిడి మొదళ్ల దగ్గర తప్పక చూడండి.

అపోహ: తెల్లటి పొరను వెనిగర్‌తో కడిగేయొచ్చు.

వాస్తవం: వెనిగర్ పొరతోపాటు మట్టిలోని సున్నాన్నీ తింటుంది, పూత లేచిపోతుంది. పొడిలా రాలేది ఉప్పు. గదిలో తేమ పెరిగి తగ్గినప్పుడల్లా అది కరిగి, మళ్లీ గడ్డకట్టి పూతను పెచ్చులుగా నెడుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపే గది దీనికి శత్రువు. ఉప్పు తీయడం కన్సర్వేటర్ (పాత వస్తువులను కాపాడే నిపుణులు) పని. పిడి పట్టుకుని ఎత్తకండి, ఊడితే సూపర్ గ్లూ వాడకండి. అసిటోన్‌తో విప్పదీయగలిగే ప్యారలాయిడ్ బి-72 అనే జిగురు సరైనది.

అపోహ: ఎక్కడి నుంచి వచ్చిందన్న చోట ‘పాత యూరప్ సేకరణ’ అని రాసి ఉంటే చాలు.

వాస్తవం: ఆ ముక్క ఎవరైనా టైపు చేయగలరు. పురావస్తువుల దొంగ రవాణాను ఆపే 1970 యునెస్కో ఒప్పందానికి ముందు తేదీ ఉన్న బిల్లో, కేటలాగో, ఫొటోనో అడగండి. 2025 జూన్ 28 నుంచి, యూరోపియన్ యూనియన్ బయటే తయారై, బయటే దొరికిన 250 ఏళ్లు దాటిన పురావస్తువును యూనియన్‌లోకి తేవాలంటే, ధర ఎంతైనా, దిగుమతి లైసెన్సు కావాలి. ఫొటో చూపిస్తే, అందులోని మూతి పెచ్చు చేతిలోని కూజా పెచ్చుతో సరిపోతుందో లేదో భూతద్దంతో చూడండి.