ఈహౌ: ఒక చిన్న ప్రశ్నకు పదిహేను డాలర్లు

ఒకప్పుడు గూగుల్‌లో ఏ పని ఎలా చేయాలని ఇంగ్లీషులో అడిగినా మొదటి పేజీలోనే ఈహౌ అనే పేరు కనిపించేది. టై ముడి వేయడం, కారుతున్న కుళాయి బాగు చేయడం, రాజీనామా ఉత్తరం రాయడం, ఏదైనా సరే. 2011 జనవరిలో దాని యాజమాన్య సంస్థ షేర్ మార్కెట్‌లోకి వచ్చిన రోజున, ఆ సంస్థ విలువ న్యూయార్క్ టైమ్స్ కంపెనీ విలువను దాటిపోయింది. పదేళ్ళు తిరిగేసరికి పేరు మార్చుకుని, ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. చాలామంది దీన్ని గూగుల్ కొట్టిన దెబ్బ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకైతే కథ అంతకంటే ముందే మొదలైందనిపిస్తుంది. ఈ సైటు చేతులు మారిన ప్రతిసారీ, అందులోని వ్యాసం ఎవరి కోసం రాస్తున్నారన్నది కూడా మారిపోతూ వచ్చింది.

1999లో కోర్ట్నీ రోజెన్ దీన్ని శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టినప్పుడు వ్యాసం కొనుగోలుదారు కోసం. అది డాట్‌కామ్ పిచ్చి, అంటే ఇంటర్నెట్ కంపెనీల మీద డబ్బు కుమ్మరించే పిచ్చి, పీక్‌లో ఉన్న కాలం. ఇన్వెస్టర్ల డబ్బు ఉంది, జీతాలిచ్చి రాయించే సంపాదకులు ఉన్నారు. గోడకు రంగు ఎలా వేయాలో చెబుతారు, పక్కనే బ్రష్షు, రోలర్ లాంటి కావలసిన సామాను జాబితా ఇస్తారు. చదివినవాడు అక్కడే కొనుక్కుంటాడని వాళ్ళ లెక్క. మన వీధి చివర హార్డ్‌వేర్ షాపాయన సలహా ఊరికే చెప్పి మేకులు అమ్ముకుంటాడు చూడండి, అదే వ్యాపారం. 2000లో సైటు వ్యాసాలతో ఒక లావుపాటి పుస్తకం కూడా వేశారు. కానీ జనం చదివారు, కొనలేదు. 2001లో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు ఈహౌ కూడా కూలిపోయింది. ఐడియా ఎక్స్ఛేంజ్ అనే మరో కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ మూడేళ్ళ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

2004లో జాక్ హెరిక్, జోష్ హానా అనే ఇద్దరు దాన్ని కొన్నారు. దుకాణం ఆలోచన వదిలేసి గూగుల్ ప్రకటనల మీద సైటును నడిపారు. ఈసారి ఆదాయం వచ్చింది. అయితే హెరిక్‌కు ఒక విషయం అర్థమైంది. డబ్బిచ్చి రాయించే పద్ధతిలో జనం బాగా వెతికే విషయాలకే గిట్టుబాటు అవుతుంది. ఎవరో ఒకరిద్దరికి మాత్రమే అవసరమయ్యే ప్రశ్నకు మంచి జవాబు రాయించాలంటే ఖర్చు రాదు. అదే సమయంలో వికీపీడియా జీతాల్లేకుండానే లక్షల వ్యాసాలు పోగు చేస్తోంది. అది చూసి 2005 జనవరి 15న వికీహౌ అనే మరో సైటు తెరిచాడు. ఆ తేదీ వికీపీడియా పుట్టినరోజు కూడా. వికీహౌలో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు.

ఏడాది పైచిలుకు ఈ రెండు సైట్లూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఒకటి డబ్బు తెస్తోంది, రెండోది అప్పుడే నడక నేర్చుకుంటోంది. 2006లో హెరిక్ డబ్బు తెచ్చేదాన్ని అమ్మేసి రెండోదాన్ని ఉంచుకున్నాడు. మొత్తం కథలో నన్ను బాగా ఆపేసే చోటు ఇదే. వికీహౌకు ఆయన బయటి ఇన్వెస్టర్లను రానివ్వలేదు. షేర్ మార్కెట్ జోలికీ పోలేదు. కావాలంటే ఎవరైనా మొత్తం సమాచారం కాపీ చేసుకుని వేరు కుంపటి పెట్టుకునే వీలు లైసెన్సులోనే ఇచ్చాడు, కాకపోతే లాభం కోసం వాడకూడదు. ఆ సైటు ఇప్పుడు డజనుకు పైగా భాషల్లో ఉంది. హిందీలో ఉంది, తెలుగులో లేదు. మనవాళ్ళ 'ఎలా'లన్నీ యూట్యూబ్‌కే వెళ్ళిపోయాయి.

ఈహౌను కొన్నది డిమాండ్ మీడియా. రిచర్డ్ రోజెన్‌బ్లాట్, షాన్ కోలో 2006లోనే పెట్టిన కంపెనీ అది. రోజెన్‌బ్లాట్ అంతకు ముందు ఏడాదే, అప్పట్లో పేరున్న సోషల్ మీడియా సైటు మైస్పేస్ మాతృసంస్థ ఇంటర్‌మిక్స్‌ను రూపర్ట్ మర్డోక్ న్యూస్ కార్పొరేషన్‌కు 58 కోట్ల డాలర్లకు అమ్మి పేరు తెచ్చుకున్నాడు. కాబట్టి కొత్త కంపెనీకి డబ్బు కొరత రాలేదు. ఇన్వెస్టర్ల నుంచి 35 కోట్ల డాలర్లకు పైగా తెచ్చాడు. డొమైన్ పేర్లు అమ్మే ఈనామ్‌ను కూడా కొన్నాడు.

ఇక్కడి నుంచి వ్యాసం చదివేవాడి కోసం కాదు, సెర్చ్ బాక్సు కోసం.

అది ఎలా నడిచేదో దగ్గరగా చూద్దాం. బైరన్ రీస్ అనే ఆయన తయారుచేయించిన అల్గారిథమ్ మూడు విషయాలు చూసేది. జనం ఏ మాటలు వెతుకుతున్నారు, ఆ మాటల పక్కన ప్రకటన వేయడానికి కంపెనీలు ఎంత ఇస్తున్నాయి, ఆ విషయం మీద ఇప్పటికే ఎన్ని పేజీలు ఉన్నాయి. డిమాండ్ ఉండి, ప్రకటన రేటు బాగుండి, పోటీ తక్కువగా ఉంటే ఆ మాటల గుంపును బయటికి తోసేది. డాలస్‌లో పాత కారు దానం ఇవ్వడం ఎక్కడ, ఇలాంటివి. మనకు వింతగా ఉంటుంది గానీ, అమెరికాలో పాత కార్లు తీసుకునే ధార్మిక సంస్థలు ఆ మాటల కోసం పోటీపడి డబ్బు పెడతాయి. మిషన్ ఇచ్చిన మాటలు అతుకుల బొంతలా ఉండేవి. వాటిని ఒక మనిషి సరైన శీర్షికగా మార్చాలి. ఒక్కో శీర్షికకు కూలి 8 సెంట్లు. తర్వాత అది ఆన్‌లైన్ జాబితాలోకి చేరేది. దేశంలో ఎక్కడో ఇంట్లో కూర్చున్న రచయిత అందులోంచి ఒకటి ఎంచుకుని రాసేవాడు. వ్యాసానికి 15 డాలర్లు, వీడియోకు 20. దిద్దే ఎడిటర్‌కు రెండున్నర డాలర్లు. 2009 నాటికి ఇలా రోజుకు 4,000 వ్యాసాలు, వీడియోలు తయారయ్యేవి. మనుషులు ఆలోచించి ఎంచుకున్న విషయాల కంటే అల్గారిథమ్ ఎంచుకున్నవి 4.9 రెట్లు ఎక్కువ సంపాదిస్తున్నాయని కంపెనీ లెక్క తేల్చింది. సంపాదకుడికి ఇక పనేముంది?

పదిహేను డాలర్లంటే అప్పటి రేటులో మన ఏడు వందల రూపాయలు. తక్కువేం కాదే అనిపిస్తుంది. అమెరికాలో 2009లో గంటకు కనీస కూలి 7.25 డాలర్లు. ఒక వ్యాసం గంటలో అయిపోతే ఫర్వాలేదు. విషయం చదివి, సరిచూసుకుని రాయడానికి రెండు గంటలు పడితే హోటల్లో గిన్నెలు కడిగినంత. అంటే రచయితకు గిట్టాలంటే తెలుసుకోకూడదు, రాసేయాలి. 2008 మాంద్యంలో పత్రికల ఉద్యోగాలు పోయినవాళ్ళు కూడా ఇందులో చాలామంది ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. రేటే ఆ పని చేయించింది.

ఆ రోజుల్లో చొక్కా మీద ఇంకు మరక పడితే నేనూ ఇలాంటి ఏదో సైటులో వెతికాను. ఏడు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు: మరక ఎక్కడుందో గుర్తించండి. ఏడోది: మరక పోకపోతే డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. మధ్యలో ఉన్న అయిదూ చేశాక మరక రెండింతలయింది.

లెక్కల్లోనూ ఒక మెలిక ఉంది. పత్రిక అయితే రచయితకు ఇచ్చిన డబ్బును ఆ రోజు ఖర్చుగా రాసుకుంటుంది. డిమాండ్ మీడియా మాత్రం వ్యాసాన్ని ఆస్తిగా చూపి, ఆ ఖర్చును అయిదేళ్ళకు సర్దేది. ఈ రోజు రాయించిన పేజీ అయిదేళ్ళ పాటు గూగుల్ నుంచి జనాన్ని తెస్తూనే ఉంటుందన్నది దాని వెనక ఉన్న నమ్మకం. కంపెనీ ఆదాయంలో పావు వంతుకు పైగా గూగుల్ ప్రకటనల నుంచే వచ్చేది. అంటే పాఠకులను పంపేదీ గూగులే, డబ్బు ఇచ్చేదీ గూగులే. ఇల్లు కట్టుకున్నారు గానీ స్థలం వేరేవాళ్ళది.

2011 జనవరి 21న గూగుల్ ఇంజినీర్ మాట్ కట్స్ తమ సెర్చ్‌లో 'కంటెంట్ ఫార్మ్‌ల' (సెర్చ్ కోసమే చౌకగా వ్యాసాలు గుట్టలుగా పోసే సైట్ల) బెడద పెరిగిందని, దాని పని పడతామని బహిరంగంగా రాశాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనవసరం లేదు కూడా. అయిదు రోజులకే, జనవరి 26న, డిమాండ్ మీడియా షేరు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. ఇష్యూ ధర 17 డాలర్లు, సాయంత్రానికి 22.65. ఇన్వెస్టర్లు ఆ హెచ్చరిక చదవలేదా, చదివీ పట్టించుకోలేదా అన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ నెలాఖరుకు బ్లెక్కో అనే చిన్న సెర్చ్ ఇంజన్ ఏకంగా ఈహౌనే తన ఫలితాల నుంచి తీసేసింది. ఫిబ్రవరి 24న గూగుల్ తన మార్పును ప్రకటించింది. అమెరికాలో దాదాపు 12 శాతం సెర్చ్‌ల మీద దాని ప్రభావం పడింది. దానికి పెట్టిన పేరు పాండా. ఎలుగుబంటి జాతి జంతువు గుర్తొస్తుంది గానీ, అది ఆ పని చేసిన ఒక ఇంజినీరు ఇంటిపేరు. ఒడిశా సరిహద్దు జిల్లాల వాళ్ళకు చెప్పకుండానే తెలిసిపోయే పేరు.

తమాషా ఏమిటంటే, మొదటి విడతలో ఈహౌకు పెద్దగా దెబ్బ తగల్లేదు. ఊపిరి పీల్చుకున్నారు. ఏప్రిల్‌లో రెండో విడత వచ్చింది, అప్పుడు తగిలింది. పాత వ్యాసాలు పెద్ద ఎత్తున తొలగించారు, కొత్తవి రాయించడం తగ్గించారు. ఆ ఏడాది చివరికి షేరు ఇష్యూ ధరలో సగానికి కూడా లేదు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 2013లో రోజెన్‌బ్లాట్ దిగిపోయాడు. మరుసటి ఏడాది డొమైన్ వ్యాపారాన్ని రైట్‌సైడ్ పేరుతో వేరు చేసి, అయిదు షేర్లను కలిపి ఒక్కటిగా మార్చారు. టికెట్‌మాస్టర్ మాజీ అధిపతి షాన్ మోరియార్టీ వచ్చి, చిత్రకారుల బొమ్మలు అమ్మే సొసైటీ6, సాచీ ఆర్ట్‌ల వైపు దృష్టి మళ్ళించాడు. ఈహౌలోని వ్యాసాలను విషయాల వారీగా వేరే సైట్లకు తరలించారు. 2016లో కంపెనీ పేరు కూడా లీఫ్ గ్రూప్ అయింది. అలా చూస్తే బండి తిరిగి రోజెన్ మొదలుపెట్టిన చోటికే, సామాను అమ్మకానికే, చేరింది.

2021లో గ్రాహం హోల్డింగ్స్ దాన్ని షేరుకు 8.50 డాలర్ల చొప్పున, మొత్తం 32.3 కోట్ల డాలర్లకు కొన్నది. అయిదు షేర్లు ఒకటైన సంగతి గుర్తుంచుకుంటే, పాత షేరు లెక్కన అది 1.70 డాలర్లే. రైట్‌సైడ్ రూపంలో విడిగా దక్కిన వాటా పక్కన పెడితే, 17కు కొన్నవాడికి మిగిలింది పదో వంతు. ఇంతకీ ఈ గ్రాహం హోల్డింగ్స్ ఎవరంటే, తరాలుగా వాషింగ్టన్ పోస్ట్ పత్రికను నడిపిన కుటుంబం సంస్థ. 2013లో వాళ్ళు ఆ పత్రికను జెఫ్ బెజోస్‌కు అమ్మారు, 25 కోట్ల డాలర్లకు.