కీర్తన పైన రాగం పేరెందుకు?

పాత కీర్తనా, కొత్త పాటా అన్న పేచీ హైదరాబాదు తెలుగు క్రైస్తవ సంఘాల్లో మళ్లీ రాజుకుంది. ఈసారి గొడవ తెర దగ్గర మొదలైంది. చరణాలను ప్రొజెక్టర్‌లో వేయడం మొదలయ్యాక, పుస్తకంలో ప్రతి కీర్తన పైనా అచ్చయ్యే రాగం, తాళం ఎగిరిపోయాయన్నది పెద్దల ఫిర్యాదు. అవి చూసి పాడేదెవరని కుర్రకారు ప్రశ్న.

రాగం, తాళం అన్న ఆ రెండు మాటలూ అక్కడికెలా వచ్చాయో తెలియాలంటే క్రైస్తవ కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి దగ్గరికి వెళ్లాలి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టుక, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం, 1833లో కటక్‌లో బాప్తిస్మం: సండే స్కూల్లో చెప్పే కథే ఇదంతా. అసలు మలుపు ఆ తర్వాత, ఆయన పాట కట్టిన తీరులో ఉంది.

ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు సర్దితే ఎలా ఉంటుందో పాడినవాళ్లకు ఎరుకే. సాగాల్సిన అక్షరం ముడుచుకుంటుంది, పొట్టి అక్షరం సాగుతుంది. చౌదరి పల్లవి, చరణాలతో కీర్తనే కట్టారు. ‘త్రాహిమాం క్రీస్తునాథ, దయజూడ రావే’ అన్నప్పుడు త్రాహిమాం గుడిలో వినే మాట, ‘రావే’ చనువైన పిలుపు. (త్యాగయ్య 1847 దాకా ఉన్నారు, ఇద్దరిదీ దాదాపు ఒకే కాలం.) అలాంటి పాటకు రాగం, తాళం రాయడం అలంకారం కాదు, ఎలా పాడాలో చెప్పడం. 1890లో ఆయన పోయేనాటికి వందకు పైగా కీర్తనలున్నాయి. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్టులు, ఇలా అన్ని శాఖలవాళ్లూ పట్టుకునే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’లో అవి చేరాయి.

హార్మోనియం, తబలా దగ్గర కూర్చునేవాళ్ల బాధ ఇక్కడే. రాగం పేరు కనిపిస్తే చేయి ఎక్కడ వేయాలో, తాళం తెలిస్తే ఎంత నిదానంగా పోవాలో తెలుస్తుంది. ఆ గుర్తు లేకపోతే డ్రమ్స్ వాయించే కుర్రాడు ఏ కీర్తనకైనా ఒకటే బీటు వేస్తాడు. విలంబంగా ఏడవాల్సిన పాట పరుగెడుతుంది.

కుర్రకారు మాటలోనూ కొంత నిజముంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు పెద్ద అక్షరాలు కావాలి, ఒకే కీర్తనను ఊరికో తీరుగా ఎప్పటినుంచో పాడుతున్నారు. కానీ తెర మీద ఒక వరస ఎక్కువ రాయడానికి చోటు లేదనడం మాత్రం నమ్మేలా లేదు. ఆ వరస చేరేంతవరకూ హార్మోనియం వాయించే పెద్దాయన అట్ట ఊడిన పాత పుస్తకాన్నే ఆదివారం చంకన పెట్టుకుని వస్తున్నాడు.